రేకు పెట్టెలో కులం కాగితం

(రంగత్‌లో మా తాత సంస్మరణ సభలో మాట్లాడిన మాటలివి. అచ్చు కోసం ఒకటి రెండు చోట్ల వివరాలు కలిపాను.)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా మా తాత గురించి ఒకే మాట అన్నారు. కుటుంబం కోసం బతికిన మనిషి అని. నిజమే. అయితే ఆ మాట దగ్గరే ఆగిపోతే ఆయన సగమే మనకు మిగులుతాడు. కూలి చేసి పిల్లల్ని పెంచినవాళ్లు ఈ రంగత్ బజారు చుట్టుపక్కల ఇంటికొకరు ఉన్నారు. మా తాత ఇంకో పని కూడా చేశాడు. యాభై ఏళ్లకు పైగా కాగితాలు దాచాడు. నేను ఆ కాగితాల గురించి మాట్లాడతాను.

బెంగాలీ కాకాలు కూడా వచ్చారు. తాత భాష కాబట్టి తెలుగులో మాట్లాడుతున్నాను. మీ సంగతి వచ్చినప్పుడు హిందీలోకి మారతాను.

తాతది సోంపేట దగ్గర ఒక పల్లె. మాలపేట అని చెబితే చాలు, అది ఊరికి ఎంత దూరంగా ఉంటుందో మన జిల్లావాళ్లకు తెలుసు. ఉద్దానం కొబ్బరికి పేరు. ఆ పేరు తోటలున్నవాళ్లది. మావాళ్లకు ఆ తోటల్లో కాయ మోసే కూలి, మట్టలు ఏరే కూలి. తాత ఐదో తరగతి దాకా చదివాడు. 1967 నుంచి మూడు నాలుగేళ్లు శ్రీకాకుళం పోరాటం నడిచింది, దాని వెనకే పోలీసు క్యాంపులు వచ్చాయి. ఆయన ఆ పోరాటంలో లేడు. కానీ మాలపేట కుర్రాడు పొద్దుగూకాక బయట కనిపిస్తే ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకోవాల్సిన రోజులవి. 1971లో విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు. చేతిలో ఒక రేకు పెట్టె. అందులో రెండు పంచెలు, ఒక దుప్పటి, సోంపేట తాలూకా ఆఫీసు ఇచ్చిన కులం కాగితం.

ఆ కాగితం ఎందుకు తెచ్చుకున్నాడో నాకు చిన్నప్పుడే చెప్పాడు. వాళ్ల ఊరి బడి మేష్టారు ఒకాయన, "గవర్నమెంటు పనికి ఇది అడుగుతారు, పోగొట్టుకోకు" అన్నాడట. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి (2024 నుంచి దాన్ని శ్రీ విజయపురం అంటున్నాం), అక్కడినుంచి చిన్న పడవలో రంగత్ చేరి, ఒక ప్రభుత్వ శాఖలో రోడ్డు పనికి వెళ్లి, మేస్త్రీ ముందు ఆ కాగితం తీశాడు. ఆయన చూసి నవ్వి, "యహా యే సబ్ నహీ చల్తా" అన్నాడట. ఇక్కడ ఇవేవీ చెల్లవు అని. తాత దాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకున్నాడు. ఇక్కడ కులం చెల్లదు అన్నది ఒకటి. ఆ రోజు రాత్రి చాలా సంతోషంగా నిద్రపోయానని చెప్పేవాడు. కులం వల్ల రావాల్సిన హక్కు కూడా చెల్లదు అన్నది రెండోది. అది అర్థం కావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

ఇప్పుడు కొంచెం లెక్కలు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. అదే పుస్తకంలో షెడ్యూల్డ్ కులాల జనాభా ఎంతో చూడండి. సున్నా. ఒక్కరు కూడా లేరు. యాభై వేల మంది తెలుగువాళ్లలో ఒక్క మాల, ఒక్క మాదిగ, ఒక్క రెల్లి, ఒక్క పైడి లేరట. ఇక్కడ కూర్చున్నవాళ్లంతా ఎవరు మరి?

ఇది లెక్కించినవాళ్లు చేసిన పొరపాటు కాదు. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం ఏ రాష్ట్రానికి, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ జాబితా వేరుగా రాష్ట్రపతి ప్రకటించాలి. అండమాన్‌కు ఎస్టీ జాబితా ఉంది. అండమానీయులు, జరవాలు, ఓంగేలు, సెంటినలీయులు, నికోబారీయులు, షోంపెన్‌లు. ఎస్సీ జాబితా అసలు లేదు. జాబితా లేదు కాబట్టి మనుషులు లేరు. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనికి తెచ్చిన ఉరావ్, ముండా, ఖరియా కుటుంబాలదీ ఇదే కథ. అందరం వాళ్లను రాంచీవాళ్లు అంటాం. జార్ఖండ్‌లో వాళ్లు ఎస్టీలు. వందేళ్లుగా ఈ దీవుల్లో చెట్లు కొట్టి, రోడ్లు వేసి, ఇక్కడ మాత్రం ఏమీ కారు.

జాబితా లేకపోతే కులం లేదని కాదు కదా. ఆ విషయం మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. అండమాన్ మినీ ఇండియా, ఇక్కడ కులం లేదు, మతం లేదు అని స్టేజీ మీద చెప్పి, కిందికి దిగి కొత్త మనిషిని రెండు ప్రశ్నలు అడుగుతాం. "మీదే ఊరండీ?" మొదటిది. "ఊళ్లో ఎటుపక్క?" రెండోది. దాంతో అయిపోతుంది. పెళ్లి సంబంధం కోసమైతే మూడో ప్రశ్న కోసం ఓడెక్కి సోంపేట దాకా కూడా వెళ్తాం. తాత మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవాడు. రెండోదానికి "సముద్రం పక్క" అనేవాడు. అబద్ధం కాదు. ఉద్దానంలో ఏ ఊరైనా సముద్రం పక్కే.

ఈ ఊళ్ల పేర్ల గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. రంగత్ చుట్టూ దశరథ్‌పూర్, జనక్‌పూర్, మిథిల, ఊర్మిళాపూర్, భరత్‌పూర్, కౌసల్యానగర్, పర్ణశాల, శబరి. అడవి కొట్టి కాందిశీకులకు ఊళ్లు కట్టినప్పుడు పెట్టిన పేర్లు. రామాయణంలో అందరికీ ఒక్కో ఊరు దొరికింది. శంబూకుడికి దొరకలేదు. తాత శబరి వైపు రోడ్డు పనిలో చాలాకాలం ఉన్నాడు. నేను ఈ మాట ఆయనతో అంటే, "మనవేలే అతగాడు" అన్నాడు. ఆయన అన్న పెద్ద రాజకీయ వాక్యం బహుశా అదే.

ఇప్పుడు బెంగాలీ కాకాల సంగతి. 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ కాందిశీకుల్ని ఈ దీవులకు తెచ్చి భూమి ఇచ్చి స్థిరపరిచారు. రంగత్ అలా పెరిగిన ఊరే. వచ్చినవాళ్లలో చాలామంది నమశూద్రులు. బెంగాల్‌లో వాళ్లు ఎస్సీలు. ఇక్కడ ఓబీసీ. బాబాసాహెబ్ 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఒక డిమాండ్ ఉంది. సాగులోలేని ప్రభుత్వ భూముల్లో అంటరాని కులాలకు వేరే ఊళ్లు కట్టాలని, దానికి ఒక సెటిల్‌మెంట్ కమిషన్ ఉండాలని. దేశంలో ఎక్కడా ఆ పని జరగలేదు. కొంచెం దానికి దగ్గరగా జరిగింది ఇక్కడేనేమో అని నాకు అనిపిస్తుంది. కాకపోతే కాందిశీకుల పేరుతో, కులం మాట ఎత్తకుండా. అదీ జరవాల అడవిలో. తాత వేసిన రోడ్డు కూడా ఆ అడవి మీదుగా వెళ్లేదే. జరవాల గురించి బస్సులో ఎవరైనా ఎకసెక్కాలాడితే తాత సీటు మారి కూర్చునేవాడు. మన కష్టం చెప్పుకునేటప్పుడు ఎవరి నేల మీద నిలబడి చెబుతున్నామో మనమూ ఒకసారి చూసుకోవాలి.

తాతకు పక్కింటి కాకా ఒకరు స్నేహితుడు. ఆయన ముందే పోయారు. పదేళ్లకు పైగా ఇద్దరూ కలిసి పేకాడారు, చేపలు పట్టారు, ఒకరి కులం ఒకరికి తెలీదు. ఒకసారి మతువా వాళ్ల ఉత్సవానికి తాతను తీసుకెళ్లారట. డంకాలు, ఎర్ర జెండాలు, హరిచాంద్ ఠాకూర్, గురుచాంద్ ఠాకూర్ పటాలు. ఎవరు వీళ్లు అని తాత అడిగాడు. మావాళ్లను చండాలులని పిలిచేవాళ్లు, మాకు చదువుకోమని చెప్పింది వీళ్లు అని కాకా చెప్పారు. ఆ రాత్రి ఇంటికొచ్చి తాత రేకు పెట్టె తెరిచి కులం కాగితం ఆయనకు చూపించాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, తాతకు రాదు. అయినా అర్థమైంది. అప్పుడు కాకా ఒక మాట చెప్పారట, తాత దాన్ని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. "మీ అంబేడ్కర్‌ను రాజ్యాంగ సభకు పంపింది మా జోగేన్ మండల్." నిజమే. 1946లో బొంబాయిలో దారులు మూసుకుపోయినప్పుడు బాబాసాహెబ్ గెలిచింది బెంగాల్ నుంచి. దాని వెనుక జోగేంద్రనాథ్ మండల్, నమశూద్ర నాయకులు ఉన్నారు. తర్వాత నేను యూనివర్సిటీలో అది చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా వసారాలో విన్నదే.

ఇక పెట్టె. మొన్న అత్తా నేనూ కూర్చుని అంతా తీశాం. డైలీ రేటెడ్ మజ్దూర్‌గా పనిచేసిన ఏళ్ల మస్టర్ రోల్ చీటీలు. పద్దెనిమిదేళ్ల తర్వాత పని పర్మినెంటు అయిన ఆర్డరు. పాత రేషన్ కార్డులు మూడు. ఓడ టికెట్లు. పిల్లల టీకా కార్డులు. 1974లో ఇల్లు వేసుకున్నప్పుడు కట్టిన రశీదు. అది ఎంత విలువైందో మీకు చెప్పనక్కర్లేదు. అడవి ఆక్రమణలకు 1978 హద్దు. అంతకు ముందున్నవాడికి నేల, ఆ తర్వాత వచ్చినవాడికి నోటీసు. 2002 మే 7న సుప్రీంకోర్టు ఆర్డరు వచ్చాక ఎంతమంది ఇళ్లలో నిద్రలేదో మనకు గుర్తుంది. తాత ఆ రశీదును బియ్యం డబ్బాలో పెట్టి పడుకున్నాడు. ఆయనకు పోరాటం అంటే అదే. ఊరేగింపుల్లో ఎప్పుడూ లేడు. కానీ "నువ్వెవరు, ఎప్పుడొచ్చావు, నీకేం హక్కు" అని ఎవరు అడిగినా జవాబు చూపించడానికి కాగితం ఉండాలి అనుకున్నాడు. తనని తాను నమ్మించుకోవడానికి కాదు, అడిగేవాళ్ల నోరు మూయించడానికి.

కులం కాగితం మాత్రం నలభై ఏళ్లు పెట్టె అడుగునే ఉంది. దాన్ని పైకి తెచ్చింది నా చదువు. 2015లో నా డిగ్రీ అడ్మిషన్ ముందు మెయిన్‌ల్యాండ్‌లో చదివిన ఒక అన్న చెప్పాడు. ఇక్కడ చెల్లకపోయినా కేంద్ర విద్యాసంస్థల్లో చెల్లుతుంది, మీ మూలం ఆంధ్రాలో ఉందని చూపించండి అని. నిబంధన అలాగే ఉంది. వలస వెళ్లినవాడి పిల్లలకు తండ్రి కాగితం ఆధారంగా సర్టిఫికెట్ ఇవ్వొచ్చని కేంద్ర హోం శాఖ 1982లోనే చెప్పింది. 1985లో ఇంకో ఉత్తరం రాసి, ఆ కాగితంతో వలస వెళ్లిన చోట రాయితీలు రావని తేల్చింది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. ఆ కేసు కూడా మన తెలుగు పిల్లవాడిదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లినవాడు. ఆంధ్రాలో ఎస్టీ, మహారాష్ట్రలో కాదు. మెడికల్ సీటు రాలేదు. 2018లో బీర్ సింగ్ కేసులోనూ రాష్ట్రాల విషయంలో అదే మాట నిలిచింది. ఆ తీర్పుల వెనుక తర్కం ఒకటుంది. వెనుకబాటు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఒక చోట అంటరానివాడు ఇంకో చోట కాకపోవచ్చు అని. పుస్తకంలో అది బాగానే ఉంటుంది. మనిషి సముద్రం దాటినప్పుడు అతని అప్పు, అతని చదువులేమి, అతని భూమిలేమి అతనితోనే ఓడెక్కుతాయి. కాగితం విలువ ఒక్కటే రేవులో దిగిపోతుంది.

తాతా నేనూ సోంపేట వెళ్లాం. ఆయన ఊరు నేను చూడటం అదే మొదటిసారి. మండలాఫీసు పని రెండు రోజుల్లో అయింది, దాని గురించి చెప్పడానికేం లేదు. రెండో రోజు సాయంత్రం ఊరి మొదట్లో బస్సు కోసం నిలబడ్డాం. తోటలున్న ఇంటాయన ఒకడు మోటార్ సైకిల్ ఆపాడు. తాతకంటే చిన్నవాడు. "ఒరే, ఎప్పుడొచ్చినావురా?" అన్నాడు. మా తాతకు అప్పటికి అరవై ఏడేళ్లు. రంగత్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా తక్కువ. నలభై నాలుగేళ్లు ఆయన భుజం మీదనుంచి దిగని తువ్వాలు చేతిలోకి వచ్చేసింది. "నిన్ననే బాబూ" అన్నాడు. నేను ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. బస్సులో చాలాసేపు కిటికీ బయటికే చూశాడు. పలాస దగ్గరపడ్డాక, "ఇందుకేనే గుంటా, ఓడెక్కినాను" అన్నాడు.

ఆ కాగితంతోనే నేను ఇవాళ పీహెచ్‌డీ చేస్తున్నాను. మేస్త్రీ నవ్విన కాగితంతో.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. అత్తా, నువ్వు ముందు వరసలో కూర్చున్నావు, నీకు చెప్పే మాట్లాడుతున్నాను. తాత మగపిల్లలిద్దరినీ పన్నెండు దాకా చదివించాడు. అత్తను ఎనిమిదితో మాన్పించాడు. నాయనమ్మ తెల్లారకుండా సుపారీ కాయలు వలవడానికి వెళ్లేది, ఇంట్లో చిన్నపిల్లలు. ఎవరో ఒకరు ఆగాలి. ఆగింది ఆడపిల్ల. కుటుంబం కోసం బతికాడు అన్నప్పుడు ఆ కుటుంబం ఎవరి వీపు మీద నిలబడిందో కూడా చెప్పాలి. ఆయన పోయాడు కదా అని దీన్ని దాటేస్తే నాయనమ్మకూ అత్తకూ అన్యాయం. ఇంకో సంగతి మొన్న పెట్టె తీసినప్పుడే నాకు తట్టింది. తాతకు తెలుగే వచ్చు, అదీ కూడబలుక్కుని. పెట్టెలో కాగితాలన్నీ హిందీ, ఇంగ్లీషు. ఏది ఏమిటో చదివి, వెనకవైపు పెన్సిల్‌తో రాసి, వానాకాలంలో ఇల్లు కారితే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చెదలు పట్టకుండా ఎండబెట్టింది అత్త. బడి మాన్పించిన పిల్లే ఇంటి రికార్డు ఆఫీసు నడిపింది. దాచినవాడు తాత అని ఇందాక అన్నాను. అందులో సగం అత్త పేరు రాయాలి.

రాంజీ సక్పాల్ గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. సుబేదారు, సైనిక బడిలో పద్నాలుగేళ్లు హెడ్మాస్టరు, కబీర్ పంథీ. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి డబ్బు లేకపోతే ఆయన ఎక్కడికి వెళ్లేవాడు? పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి. వాళ్లు అప్పిచ్చేవాళ్లు, లేదంటే నగ ఇచ్చేవాళ్లు. ఆయన తాకట్టు పెట్టి, పెన్షన్ వచ్చాక విడిపించి తిరిగి ఇచ్చేవాడు. తల్లి లేని ఆ ఇంటిని నడిపింది రాంజీ తోబుట్టువు మీరా. రాంజీ 1913 ఫిబ్రవరి 2న పోయాడు, ఆ పేరు మనకు మిగిలింది. మంజుల, తులసి పేర్లు ఎంతమందికి తెలుసు? నేను తాతను తక్కువ చేయడం లేదు. రాంజీ పక్కన నిలబెట్టి చూస్తున్నాను. అలా చూసినప్పుడు రెండు ఇళ్లలోనూ వెనకాల ఆడవాళ్లు కనిపిస్తున్నారు.

చివరికి పని మాట. కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. 2027 జనాభా లెక్కలు వస్తున్నాయి. మన ఇంటికి కూడా వస్తారు. అప్పుడు "ఇక్కడ కులం లేదండీ" అని టీ ఇచ్చి పంపించకండి. మీ కులం పేరు చెప్పండి. మాల అయితే మాల, మాదిగ అయితే మాదిగ, పైడి అయితే పైడి, రెల్లి అయితే రెల్లి. ఎస్సీ గడిలో రాయడం కుదరదు అంటారు. కుల గడిలోనైనా పేరు రాయమనండి. రాశారో లేదో చూపించమనండి. నమశూద్ర కాకాలతో, రాంచీ వాళ్లతో కూడా మనం కూర్చుని మాట్లాడాలి. ఈ దీవులకు జాబితా కావాలని అడగాలంటే ముందు మనం ఉన్నామని తేలాలి. ఎస్టీ జాబితాలో ఉన్నవాళ్ల వాటాకు, జరవాల నేలకు ఏ నష్టం రాకుండా ఎలా అడగాలో కూడా మనమే తేల్చుకోవాలి. అది ఒక సభలో అయ్యే పని కాదు.

నేను వచ్చే ఆదివారం ఓడకు వెళ్తున్నాను. ఈ లోపు ఎవరింట్లోనైనా ఆంధ్రా నుంచి తెచ్చుకున్న పాత కులం కాగితాలు, తాలూకా ఆఫీసు ముద్రలున్నవి, తాతలవి, ముత్తాతలవి ఉంటే పట్టుకురండి. పిల్లల సర్టిఫికెట్లకు ఏం రాయాలో చూసి చెబుతాను. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. నేను లేకపోతే అత్త ఉంటుంది, పెట్టె తాళం ఆమె దగ్గరే ఉంది. ఏ కాగితం ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

భోజనాలు సిద్ధమైనట్టున్నాయి. జై భీమ్.